బెజవాడ కోర్టుల హెరిటేజ్ వాక్ రివ్యూ: వెళ్లొచ్చు, కానీ అసలైన బిల్డింగ్ దగ్గరే హడావిడి చేశారు

కింద అంతా చదివే ఓపిక లేనోళ్ల కోసం ముందే చెప్పేస్తా, ఐదుకి మూడున్నర. పాత సంగతుల మీద కొంచెం ఇంట్రెస్ట్ ఉండి ఆదివారం పొద్దున్నే లేవగలిగితే వెళ్లండి, డబ్బులు దండగేం కావు. ఇన్‌స్టాకి ఫోటోలు కావాలంటే మాత్రం వద్దు, ఎందుకంటే ఈ వాక్‌లో నిజంగా చూడాల్సిన బిల్డింగ్ దగ్గర ఫోన్లు జేబులో పెట్టుకోమన్నారు. నడిపేవాళ్ల పేరు రాయట్లేదు, కాలేజీ అయిపోయిన కుర్రాళ్లు నలుగురు కలిసి చేస్తున్న చిన్న పని, నేను రాసే సణుగుడంతా వాళ్ల పేరు పక్కన శాశ్వతంగా ఉండిపోవడం నాకిష్టం లేదు. చదివితే వాళ్లకే తెలుస్తుంది.

టికెట్ మనిషికి 400. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే స్కానర్ పంపిస్తారు, డబ్బులు కట్టాక లొకేషన్ వస్తుంది, అంతే. మనూళ్లో హెరిటేజ్ వాక్ అంటే ఎవరికైనా గుర్తొచ్చేది కొండపల్లి ఖిల్లా, మొగల్రాజపురం గుహలు, మహా అయితే ఉండవల్లి. కోర్టుల మీద వాక్ ఏందిరా అని ఇంట్లో అందరూ నవ్వారు. మా బాబాయి ఒక్కడే నవ్వలేదు, నేనూ వస్తా అన్నాడు. బాబాయి జీవితమంతా ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా చేశాడు, వకాల్తాలు, నకళ్లు, స్టాంపులు, వాయిదాలు ఇవే లోకం, రిటైరైనా ఇప్పటికీ పక్కింటి వాళ్ల స్థలం తగాదా అంటే ముందు డాక్యుమెంట్ నంబర్ అడుగుతాడు. ఆయన రావడం వల్ల నాకు ఈ వాక్ విలువ డబుల్ అయింది, ఆ మాట కూడా రేటింగ్‌లో కలుపుకొని చదవండి.

ఆరున్నరకి అన్నారు, మొదలయ్యేసరికి ఏడు దాటింది. ఎండాకాలం అయితే ఈ అరగంటే కొంప ముంచుతుంది, బెజవాడ ఎండ గురించి బెజవాడ వాళ్లకి నేను చెప్పాలా. గైడ్ కుర్రాడు మెళ్లో చిన్న స్పీకర్ తగిలించుకొచ్చాడు, లా చదివాడట, మాట బాగుంది, విసుక్కోడు, ఎవరేం అడిగినా ‘మంచి ప్రశ్న సార్’ అంటాడు. కాస్త ఎక్కువ సార్లే అంటాడు.

మొదటి స్టాప్ బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం. అదే, మనం చిన్నప్పుడు విక్టోరియా మ్యూజియం అనేవాళ్లం. కోర్టుల వాక్‌లో మ్యూజియం ఎందుకంటే, ఊరి మధ్యలో తెల్లోళ్ల కాలం నాటి సర్కారీ కట్టడం చూపించాలంటే బెజవాడలో చెప్పుకోదగ్గది ఇదే. విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లయిన సందర్భంగా 1887 జూన్ 27న పునాది రాయి వేశారు, వేసింది అప్పటి కృష్ణా జిల్లా కలెక్టర్ రాబర్ట్ సీవెల్. ఈ సీవెల్ గారు ఉత్త ఫైళ్ల మనిషి కాదండోయ్, అంతకు పదేళ్ల ముందు 1877లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు చేయించాడు, తర్వాత విజయనగర సామ్రాజ్యం మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆ రోజుల్లో కలెక్టర్ అంటే శిస్తు వసూలూ ఆయనే, మేజిస్ట్రేటూ ఆయనే. గైడ్ ఈ ముక్క చాలా బాగా చెప్పాడు, తీర్పు చెప్పే కుర్చీ, పన్ను వసూలు చేసే కుర్చీ రెండూ ఒకటే అయితే రైతు పరిస్థితి ఏంటి ఆలోచించండి అని ఆపాడు, అందరూ ఒక్క నిమిషం నిజంగానే ఆలోచించారు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1న బెజవాడలో జరిగిన ఏఐసీసీ (అఖిల భారత కాంగ్రెస్ కమిటీ) సమావేశాల కథ కూడా ఇక్కడే చెప్పాడు. పింగళి వెంకయ్య గారు జెండా గాంధీకి చూపించింది అప్పుడే. అది మనందరికీ స్కూల్లో చెప్పిందే. కానీ ఆ సమావేశంలో ఇంకేం తీర్మానించారో నాకు తెలీదు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌లో కోటి మంది సభ్యులు, దేశంలో 20 లక్షల రాట్నాలు, ఇవన్నీ జూన్ 30 లోపల అని టార్గెట్ పెట్టుకున్నారంట. మూడు నెలల్లో! అదే టైంలో కోర్టుల బహిష్కారం కూడా నడుస్తోంది కదా, ప్లీడర్లు ప్రాక్టీసు మానేయాలి, తగాదాలు ఊళ్లోనే పంచాయతీలో తేల్చుకోవాలి అని. టంగుటూరి ప్రకాశం గారు మద్రాసులో బారిస్టరుగా బ్రహ్మాండంగా సంపాదిస్తున్న ప్రాక్టీసు వదిలేసింది ఈ ఊపులోనే. కోర్టుల చరిత్ర చెప్పే వాక్‌లో, కోర్టులకి వెళ్లొద్దన్న ఉద్యమంతో మొదలుపెట్టడం నాకు నచ్చింది, మామూలుగా ఎవరూ ఇలా ఆలోచించరు.

మ్యూజియం ఆ టైంలో తెరిచి ఉండదు, బయట నుంచే. లోపల చూడాలంటే విడిగా రావాలి, రండి కూడా, అల్లూరులో దొరికిన నిలబడ్డ బుద్ధుడి విగ్రహం ఒక్కదాని కోసమైనా రావొచ్చు. 2020 అక్టోబర్ 1న రిపేర్లన్నీ చేసి మళ్లీ తెరిచి బాపు మ్యూజియం అన్నారు.

అక్కడ నుంచి నడుస్తూ గైడ్ ఒక ప్రశ్న వేశాడు. ఇంత పెద్ద ఊరు, ఇంత పాత ఊరు, రైల్వే జంక్షను, కాలువలు, వ్యాపారం, అన్నీ ఉన్నాయి, మరి మద్రాసులో ఉన్నట్టు, హైదరాబాద్‌లో ఉన్నట్టు ఒక గుమ్మటాల కోర్టు బిల్డింగ్ ఇక్కడ ఎందుకు లేదు? ఎవరూ చెప్పలేదు. బాబాయి మాత్రం వెంటనే ‘బందరు బాబూ, బందరు’ అన్నాడు. అదే జవాబు. జిల్లా కేంద్రం బందరు, అంటే మచిలీపట్నం. 1859లో గుంటూరు జిల్లాని, మచిలీపట్నం జిల్లాని కలిపి కృష్ణా జిల్లా చేసినప్పుడు కూడా హెడ్ క్వార్టర్ బందరే, 1904లో గుంటూరు విడిపోయి సొంత జిల్లా అయినప్పుడూ బందరే. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా వచ్చేదాకా విజయవాడ జిల్లా కేంద్రమే కాదు. అంటే ఇంత ఊరూ పెద్ద కేసుకి ఇదే రోడ్డు పట్టుకుని బందరు పోయేది. కింది కోర్టులు ఇక్కడ ఉన్నాయి, సబ్ కోర్టూ అదీ, కానీ జిల్లా జడ్జి గారి దర్బారు సముద్రం పక్కన. ‘మా ప్లీడరు గారు బందరు వాయిదా అంటే ముందు రోజు రాత్రే లాల్చీ ఇస్త్రీ చేయించేవాడు’ అన్నాడు బాబాయి. గుంపులో ఉన్న ఇద్దరు ముగ్గురు ఆయన పక్కకి జరగడం మొదలెట్టారు, గైడ్‌కి కాంపిటీషన్ వచ్చేసింది అన్నమాట.

ఇక ఇక్కడ నా మొదటి కంప్లయింట్. మద్రాసు హైకోర్టు గురించి చెప్పాలి, తప్పదు, ఎందుకంటే 1954 దాకా మన అప్పీళ్లన్నీ అక్కడికే పోయాయి. కానీ ఫుట్‌పాత్ మీద నిలబెట్టి లామినేషన్ చేసిన ఫోటోలు ఒక్కొక్కటీ చూపిస్తూ అరగంట లాగాడు. 1862లో హైకోర్టు, ఇప్పుడున్న ఎర్ర బిల్డింగ్ 1892లో, హెన్రీ ఇర్విన్ డిజైన్‌లో చేయి వేశాడు, మన గుమ్మటాలూ తెల్లోళ్ల కట్టడమూ కలిపిన ఇండో సారసెనిక్ స్టైలు, మొదటి ప్రపంచ యుద్ధంలో 1914 సెప్టెంబర్‌లో ఎండెన్ అనే జర్మన్ ఓడ మద్రాసు మీద గుండ్లు వేస్తే హైకోర్టు ఆవరణలో కూడా పడింది, ఇవన్నీ ఇంట్రెస్టింగే. కానీ ఫోటోలో చూసేదానికి నేను పొద్దున్నే ఐదున్నరకి లేవక్కర్లేదు కదా. పక్కన సిటీ బస్సు హారన్, స్పీకర్ గరగర, ఎదురుగా టీ కొట్టు పిలుస్తా ఉంది. ఈ అరగంటని పది నిమిషాలు చేస్తే వాక్ బాగుపడుతుంది. ప్రకాశం గారు 1928లో సైమన్ కమిషన్ అప్పుడు అదే హైకోర్టు దగ్గరలో తుపాకీకి గుండె ఎదురు పెట్టిన సంగతి ఒక్కటి ఉంచి మిగతావి తగ్గించుకోవచ్చు.

తర్వాత కోర్టు కాంప్లెక్స్. కొత్త బిల్డింగ్, బాగా ఎత్తు, లిఫ్టులు, అద్దాలు, చూడ్డానికి కార్పొరేట్ హాస్పిటల్ లాగే ఉంటుంది. ఆదివారం కాబట్టి గేటు బయట నుంచే. ఇక్కడ గైడ్ చెప్పిన కథ నాకు చాలా నచ్చింది. 2013లో దీనికి శంకుస్థాపన చేసింది జస్టిస్ ఎన్.వి.రమణ గారు, అప్పుడాయన హైకోర్టు జడ్జి. 2022 ఆగస్టు 20న ప్రారంభోత్సవం చేసింది కూడా ఆయనే, కాకపోతే ఈ మధ్యలో ఆయన సుప్రీం కోర్టుకి వెళ్లి భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, ఇంకో ఆరు రోజుల్లో అంటే ఆగస్టు 26న రిటైర్ కూడా అయ్యారు. ఆయనది మన జిల్లానే, పొన్నవరం. మనిషి ఢిల్లీ దాకా వెళ్లి దేశంలో అందరికంటే పెద్ద జడ్జి అయి దిగిపోయే టైంకి మనూళ్లో ఒక బిల్డింగ్ లేచింది. గుంపులో ఎవరో ‘కోర్టు బిల్డింగ్‌కే వాయిదాలు’ అన్నారు, అందరం నవ్వాం, గేటు దగ్గర కానిస్టేబుల్ కూడా నవ్వాడు.

బాబాయికి మాత్రం పాత ఆవరణ గుర్తుకొచ్చినట్టుంది. టైపిస్టులు చెట్టు కింద మిషన్లు పెట్టుకుని కూర్చునేవాళ్లు, అఫిడవిట్‌కి ఒక రేటు, నోటీసుకి ఒక రేటు, అర్జంట్ అయితే టీ కూడా మనమే తెప్పించాలి. పేరు పిలిచే జవాను గొంతు వరండా చివరిదాకా వినపడేది, మూడు సార్లు పిలుస్తాడు, మూడోసారికీ పలకకపోతే పని అయిపోయినట్టే, అందుకని పార్టీ టీకి వెళ్లినా గుమాస్తా గుమ్మం వదలకూడదు. ఇవన్నీ ఆయన గైడ్‌కి కాదు, పక్కనున్న ఒక ఇంజినీరింగ్ అమ్మాయికి చెప్తున్నాడు, ఆ అమ్మాయి ఫోన్‌లో రాసుకుంటోంది. నిర్వాహకులకి నా సలహా ఒకటే, ఇలాంటి రిటైరైన గుమాస్తానో బెంచ్ క్లర్కునో ఒకరిని పట్టుకుని ప్రతి వాక్‌లో ఈ స్టాప్ దగ్గర పావుగంట మాట్లాడించండి, టిఫిన్ పెట్టిస్తే చాలు, వాళ్లు వస్తారు. తారీఖులు గూగుల్లో దొరుకుతాయి, ఇవి దొరకవు.

గుంటూరు ముక్క దగ్గర గైడ్ తడబడ్డాడు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజే గుంటూరులో హైకోర్టు మొదలైందని చెప్పాడు. కాదు. రాష్ట్రం వచ్చాక కూడా ఇంకో తొమ్మిది నెలలు మద్రాసు హైకోర్టే మనకి దిక్కు. ఆంధ్ర హైకోర్టు గుంటూరులో మొదలైంది 1954 జూలై 5న. బాబాయి మెల్లగా, మర్యాదగానే ‘బాబూ, జూలై అయిదు, యాభై నాలుగు’ అన్నాడు, ఆ కుర్రాడు కూడా బింకానికి పోకుండా వెంటనే నోట్ చేసుకున్నాడు, థాంక్స్ సార్ అన్నాడు. ఆ ఒక్కదానికి నేను సగం మార్కు పెంచా. వాట్సాప్ చరిత్ర కాలంలో తప్పు చెప్తే దిద్దుకునేవాళ్లే తక్కువ.

అసలు గుంటూరుకి ఎందుకు పోయింది అనేది మాత్రం బాగా చెప్పాడు. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ పెద్దలు కూర్చుని ఒప్పందం చేసుకున్నారు, రాజధాని, హైకోర్టు రెండూ ఒకే చోట వద్దు, ఒకటి మీకు ఒకటి మాకు, ఏది కావాలో ముందు రాయలసీమ కోరుకోవచ్చు. అందుకే రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని కర్నూలుకి, హైకోర్టు గుంటూరుకి. విజయవాడ కావాలని గట్టిగా అడిగినవాళ్లు ఉన్నారు, కమ్యూనిస్టులు ముఖ్యంగా, కానీ బెజవాడకి అదీ రాలేదు ఇదీ రాలేదు. పెద్ద జంక్షను కదా, కర్నూలుకి పోయేవాడూ గుంటూరుకి పోయేవాడూ ఇక్కడ దిగి బండి మారాడు, అంతవరకే మన వాటా.

గుంటూరు హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. రాజమండ్రి మనిషి, మద్రాసు హైకోర్టు మొదటి భారతీయ చీఫ్ జస్టిస్ రాజమన్నార్ గారికి బావమరిది వరస. తర్వాత సుప్రీం కోర్టుకి వెళ్లి 1966 జూన్‌లో సీజేఐ, అంటే భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, పార్లమెంటు ప్రాథమిక హక్కులు కోయడానికి వీల్లేదన్న గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చింది ఆయన బెంచే, 1967లో. ఆ వెంటనే రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల్లో జాకీర్ హుస్సేన్ మీద పోటీ చేసి ఓడిపోయారు. ఇదంతా గైడ్ చెప్పాడు. చెప్పనిది ఒకటుంది, నాకైతే ఇదే పెద్ద విశేషం: 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు సంగతులన్నీ పరిశీలించి రిపోర్టు ఇవ్వమని కేంద్రం పంపిన జడ్జి పేరు కె.ఎన్.వాంఛూ. 1967 ఏప్రిల్‌లో సుబ్బారావు గారు ఖాళీ చేసిన సీజేఐ కుర్చీలో కూర్చుంది కూడా ఆ వాంఛూ గారే. ఒకాయన మన రాష్ట్రానికి హైకోర్టు ఎలా ఉండాలో రాశాడు, ఇంకొకాయన దాన్ని మొదలెట్టాడు, ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు దేశానికే చీఫ్ జస్టిస్‌లు. ఇలాంటిది స్క్రిప్టులో పెట్టుకోకపోతే ఎలా బాబూ.

గుంటూరు వైభవం రెండేళ్ల నాలుగు నెలలే. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది, 5న హైకోర్టు హైదరాబాద్ వెళ్లిపోయింది, మూసీ ఒడ్డున నిజాం కట్టించిన ఆ పెద్ద భవనంలోకి, అది 1920 ఏప్రిల్ 20న ప్రారంభమైంది. గుంటూరులో ఇళ్లు చూసుకున్న ప్లీడర్లు మళ్లీ సామాన్లు సర్దుకున్నారు. ఇక ఆ తర్వాత అరవై రెండేళ్లు మన కృష్ణా, గుంటూరు పార్టీలకి హైకోర్టు అంటే రాత్రి రైలు. బాబాయి దీనికి పెద్ద సాక్షి, నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కేసు కట్టలు తలకింద పెట్టుకుని పడుకోవడం, పొద్దున్నే దిగి హైదరాబాద్ ప్లీడరు ఆఫీసు గుమ్మంలో కూర్చోవడం, లిస్టులో మన కేసు నూట చిల్లర నంబర్‌లో ఉంటే సాయంత్రం మళ్లీ రైలు. దీని గురించి గైడ్ రెండు వాక్యాలతో సరిపెట్టాడు. నిజానికి ఈ ఊరి జనానికీ హైకోర్టుకీ ఉన్న సంబంధం ఎక్కువ కాలం ఇదే కదా, మద్రాసు ఫోటోల బదులు దీనికి టైం ఇవ్వాల్సింది.

ఇక అసలు బిల్డింగ్. నేను ఈ రివ్యూ రాస్తున్నదే దీని కోసం. ఇప్పుడు అది గవర్నర్ బంగళా. గవర్నర్ గారుండే చోటు కాబట్టి ముందు నుంచి నడుచుకుంటూ పోవడమే, ఆగకూడదు, గుంపుగా నిలబడకూడదు, ఫోన్ తీయకూడదు, గైడ్ ముందే రూల్స్ చెప్పాడు, అది కరెక్టే. కానీ ఆ బిల్డింగ్ కథ వినండి. మొదట్లో అది ఇరిగేషన్ వాళ్ల ఆఫీసు. అది ఈ ఊళ్లో ఉండటం సహజమే, కృష్ణ మీద 1850ల్లో ఆనకట్ట కట్టినప్పటి నుంచీ, 1952లో అది తెగి 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చినదాకా, బెజవాడ అంటేనే కాలువల ఇంజినీర్ల ఊరు. 2014లో రాష్ట్రం విడిపోయాక ముఖ్యమంత్రి గారికి విజయవాడలో క్యాంపు ఆఫీసు కావాల్సి వచ్చింది, ఇరిగేషన్ ఆఫీసు క్యాంపు ఆఫీసు అయింది. 2018 డిసెంబర్ 26న ఢిల్లీ నుంచి రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కి వేరే హైకోర్టు అని. ఆరంటే ఆరు రోజులు. అమరావతిలో నేలపాడు దగ్గర కట్టే జ్యుడీషియల్ కాంప్లెక్స్ ఇంకా రెడీ కాలేదు. దాంతో 2019 జనవరి 1న బందరు రోడ్డులో ఇందిరా గాంధీ స్టేడియంలో, మనం రంజీ మ్యాచ్‌లూ ఎగ్జిబిషన్లూ చూసే గ్రౌండులో, గవర్నర్ నరసింహన్ గారు జడ్జిలతో ప్రమాణం చేయించారు, తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగా జస్టిస్ సి.ప్రవీణ్ కుమార్. హైకోర్టు మొదలైంది ఈ క్యాంపు ఆఫీసులో. మార్చిలో నేలపాడు వెళ్లిపోయింది. జూలైలో కొత్త గవర్నర్ బిశ్వభూషణ్ హరిచందన్ గారు వచ్చారు, ఆయనకి ఇల్లు కావాలి, ఇదే బిల్డింగ్ రాజ్‌భవన్ అయింది.

ఒకే కప్పు కింద కాలువల లెక్కలు, ముఖ్యమంత్రి, హైకోర్టు, గవర్నర్. అందులో చివరి మూడూ ఐదేళ్లు కూడా నిండకుండానే. ఎన్నేళ్లుగానో బెజవాడకి రాని హైకోర్టు బెజవాడలో కూర్చుంది చివరికి ఈ రెండున్నర నెలలే, అదీ వేరేవాళ్ల ఆఫీసులో. రోజూ దాని ముందు నుంచి స్కూటీ మీద పోయేవాళ్లం, నాతో సహా గుంపులో చాలామందికి తెలీదు ఇది. ఇంతటి కథని గైడ్ రోడ్డు దాటాక ఒక సందు మొదట్లో నిలబెట్టి గబగబా ఐదు నిమిషాల్లో కానిచ్చేశాడు, ఎందుకంటే టిఫిన్ దగ్గర టేబుళ్లు చెప్పేశారట, లేటవుతోందట. చూడ్డానికి లేదు సరే, కానీ చెప్పడానికి అడ్డమేముంది? ముందే మ్యూజియం దగ్గర నీడలో కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పి, ఆ తర్వాత ఆపకుండా దాని ముందు నుంచి నడిపించేస్తే సరిపోతుంది. సెక్యూరిటీ వాళ్లకీ ఇబ్బంది లేదు, మనకీ తెలుస్తుంది. ఇక్కడే నేను మార్కు కోసేశా.

ఆ తర్వాతి రాజకీయం జోలికి గైడ్ పోలేదు. 2020లో కర్నూలుని న్యాయ రాజధాని చేస్తామని చట్టం రావడం, 2021 నవంబర్‌లో దాన్ని ప్రభుత్వమే వెనక్కి తీసుకోవడం, ఇవేవీ మాట్లాడలేదు. గుంపులో రెండు పార్టీల వాళ్లూ ఉంటారు, పొద్దున్నే గొడవెందుకు అనుకుని ఉంటాడు, అర్థం చేసుకోగలను. కానీ శ్రీబాగ్ గురించి అంత చెప్పినవాడు, దాని తోక ఇప్పటిదాకా సాగిందని తారీఖుల వరకైనా చెప్పొచ్చు, అభిప్రాయం చెప్పక్కర్లేదు.

నేలపాడు ట్రిప్ విడిగా అమ్ముతున్నారు, వ్యాన్‌లో తీసుకెళ్లి తీసుకొస్తారట. నేను తీసుకోలేదు. 2019 ఫిబ్రవరి 3న అప్పటి సీజేఐ రంజన్ గొగోయ్ గారు అక్కడి తాత్కాలిక భవనం ప్రారంభించి, అదే రోజు శాశ్వత హైకోర్టుకి శంకుస్థాపన చేశారు, బ్రిటిష్ ఆర్కిటెక్ట్ నార్మన్ ఫోస్టర్ కంపెనీ డిజైన్, స్తూపం ఆకారంలో. అది పూర్తయ్యాక ట్రిప్ పెడితే వెళ్తా. ఇప్పుడైతే పని ఉన్నవాళ్లే పోతున్నారు, బాబాయి మాటల్లో చెప్పాలంటే ‘కేసు లేనోడికి హైకోర్టులో ఏం పని రా’.

టిఫిన్ టికెట్‌లోనే కలిపి ఉంది. నేతి ఇడ్లీ, పెసరట్టు ఉప్మా, కాఫీ. హోటల్ పేరు చెప్పను గానీ అల్లప్పచ్చడి చాలా బాగుంది, ఉప్మా మాత్రం చల్లారిపోయింది, గుంపు మొత్తానికీ ఒకేసారి కట్టి పెట్టేస్తే అంతే మరి. ఆ టిఫిన్ తీసేసి టికెట్ 250 చేస్తే ఇంకా ఎక్కువమంది వస్తారని నా లెక్క, ఎవడిష్టం వచ్చిన చోట వాడు తింటాడు, బెజవాడలో టిఫిన్‌కి కరువా.

వెళ్లాలనుకునేవాళ్లకి కొన్ని పనికొచ్చే ముక్కలు. నడక మరీ ఎక్కువ కాదు గానీ నిలబడటం ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తే మడత కుర్చీ ఒకటి పట్టుకెళ్లండి, బాబాయికి మేమదే చేశాం, చివరికి దాంట్లో అందరూ వంతులు వేసుకుని కూర్చున్నారు. దారిలో బాత్రూం ఏర్పాటు ఏమీ లేదు, ఆడవాళ్లకి కష్టం, నిర్వాహకులు దీని గురించి సీరియస్‌గా ఆలోచించాలి, ముందే ఒక హోటల్‌తో మాట్లాడుకోవడం పెద్ద పనేం కాదు. నీళ్లు ఒక్కో బాటిల్ ఇచ్చారు. పన్నెండేళ్ల లోపు పిల్లలైతే విసుగుపుడతారు, మా పక్కింటి వాళ్ల అబ్బాయి ఎండెన్ ఓడ దగ్గర తప్ప ఎక్కడా వినలేదు. లా స్టూడెంట్లకి టికెట్‌లో 100 తగ్గిస్తున్నారు, ఐడీ కార్డు చూపించాలి. ఇంగ్లిష్ బ్యాచ్ వేరే ఉందట, తెలుగు బ్యాచ్‌కే వెళ్లండి, ప్రశ్నలు అడిగేవాళ్లు, పక్క నుంచి అందించేవాళ్లు ఇందులోనే ఉంటారు.

బండి పెట్టుకోవడానికి మ్యూజియం దగ్గర చోటు కోసం వెతుక్కోకండి, ఆటోలో వచ్చేయండి, వాక్ అయిపోయేది మొదలైన చోట కాదు. ఇంకోటి, వీళ్లు గుంటూరులో కూడా మొదలెడతామంటున్నారు. అది మొదలెడితే మాత్రం గుంటూరు బార్‌లో పాతవాళ్లని నలుగురిని అడిగి, 1954 నాటి సంగతులు వాళ్ల ఇళ్లల్లో ఎవరి నాన్న, ఎవరి తాత చెప్పినవి ఉన్నాయో పోగేసుకున్నాకే టికెట్లు అమ్మండి. బాబాయి నంబర్ ఆ గైడ్ తీసుకున్నాడు, ఫోన్ చేశాడో లేదో ఇంకా తెలీదు.